వైజాగులో గాజువాక, కూర్మన్నపాలెం వైపు కొత్తగా దిగే వలస కుటుంబాలకు మొదటి నెలలో ఏం చేసిపెట్టాలి?

వడ్లపూడి వాకిలి
మా కాలనీ సంఘం తరఫున అడుగుతున్నాను. ఒడిశా, జార్ఖండ్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చే వాళ్లు ఇదివరకు మగవాళ్లే ఉండేవారు. ఇప్పుడు పెళ్లాం పిల్లలతో వచ్చి లైను ఇళ్లలో దిగుతున్నారు. స్టీల్‌ప్లాంట్ కాంట్రాక్టు పనులు, పరవాడ ఫార్మా, అచ్యుతాపురం సెజ్, అపార్ట్‌మెంట్ కట్టుబడి, ఎక్కువ మంది వీటిలోనే. దుప్పట్లూ బియ్యం పంచడం గురించి అడగడం లేదు, అది ఒక్క పూటతో అయిపోయే పని. వాళ్లు ఇక్కడ నిలదొక్కుకోవాలంటే రేషను, బడి, ఆస్పత్రి, అద్దె గది, జీతం విషయాల్లో ఏ పని ముందు చేయాలో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఆదివారాలు ఐదారుగురు వాలంటీర్లు తిరగగలరు.

డిపో పద్దు
మంచి పని వాకిలి గారూ. రేషనుతో మొదలెట్టండి. కొత్త కార్డు అవసరం లేకుండానే మొదటి నెల నుంచే అందేది అది.

ముందు వాళ్ల కార్డు ఏ రకమో చూడండి. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డు అయితేనే ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పద్ధతిలో మన రేషన్ డిపోల్లో బియ్యం ఇస్తారు. కార్డు మీద పీహెచ్‌హెచ్ (ప్రాధాన్య కుటుంబం) అని గానీ ఏఏవై (అంత్యోదయ) అని గానీ ఉంటుంది, బెంగాల్ కార్డైతే ఎస్‌పీహెచ్‌హెచ్ అని కూడా ఉండొచ్చు. ఇవి చెల్లుతాయి. ఒడిశా రాష్ట్ర ఆహార భద్రతా పథకం కార్డు, జార్ఖండ్ ఆకుపచ్చ కార్డు, బెంగాల్ ఆర్‌కేఎస్‌వై కార్డు, ఇవన్నీ ఆయా రాష్ట్రాలు సొంత డబ్బుతో ఇచ్చుకున్నవి. ఇక్కడ డిపోలోని వేలిముద్ర మిషన్ వాటిని తీసుకోదు. ఈ సంగతి తెలియక జనం డీలరుతో గొడవపడతారు. డీలరు చేతిలో ఏమీ లేదు.

పీహెచ్‌హెచ్‌కి మనిషికి నెలకు 5 కిలోలు, ఉచితం. పంచదార, కందిపప్పు లాంటివి రావు, ఎందుకంటే కేంద్రం వాటా ధాన్యమే రాష్ట్రం దాటుతుంది. 2025 జూన్ 1 నుంచి ఇంటికొచ్చే బండ్లు తీసేసి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15 వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. షిఫ్టు పనివాళ్లకి సాయంత్రమే కుదురుతుంది. 14, 15 తేదీల దాకా ఆగొద్దని చెప్పండి. బయట కార్డులకు కూడా డిపోలో ఉన్న నిల్వలోంచే ఇవ్వాలి, చివరి రోజుల్లో అది అడుగంటుతుంది.

ఎక్కువగా తేడా వచ్చేది మూడు చోట్ల. ఊళ్లో ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) చేయించుకోని సభ్యుడి పేరు అక్కడ ఆగిపోయి ఉంటుంది. ఆధార్ నంబరు రేషన్ కార్డుకి ముడిపడకపోయినా అంతే. రెండోది వేలిముద్ర: సిమెంటు, సున్నం పనిచేసేవాళ్ల వేళ్లు అరిగిపోయి మిషన్ చదవదు. కళ్లపాప స్కానర్‌తో చూడమని అడగాలి, లేదా అదే కార్డులో ఉన్న భార్య వేలు పెట్టించాలి. కార్డులో పేరున్న ఎవరి వేలైనా సరిపోతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు ఆ నెల మొత్తం కోటా ముందే తీసేసుకుంటే ఇక్కడ సున్నా చూపిస్తుంది. ఐదుగురి కార్డులో ముగ్గురు ఇక్కడుంటే ఊరి డీలరు దగ్గర ఇద్దరి వాటా 10 కిలోలే కొట్టించమని ఫోన్ చేసి చెప్పాలి. మిగతా 15 కిలోలు ఇక్కడ వస్తాయి. సగం అక్కడ, సగం ఇక్కడ తీసుకోవడం పూర్తిగా సక్రమమే.

కార్డు పనిచేస్తుందో లేదో డిపోకి వెళ్లకముందే ‘మేరా రాషన్’ యాప్‌లో చూడొచ్చు. ఫిర్యాదుకి 14445, మన రాష్ట్రంలో 1967.

సింధియా జంక్షన్
ఇవన్నీ ఎందుకన్నా, వచ్చిన వారంలోనే ఆధార్ అడ్రసు వైజాగుకి మార్పించేస్తే సగం గొడవ తీరిపోద్ది కదా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది, దానికి ఏపీ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. పరవాడ నుంచి గాజువాక రోజూ తిరిగే ఆడ మనిషికి నెలకి ఎంత మిగులుద్దో చూడండి. అడ్రసు మారిస్తే వార్డు సచివాలయంలో కుటుంబం పేరు ఎక్కించుకోవచ్చు, మన రాష్ట్ర పథకాలకి అడుగు పడుద్ది.

డిపో పద్దు
సింధియా గారూ, తొందర వద్దనే నా మాట. కుటుంబం మొత్తం వచ్చేసిందా, కొందరే వచ్చారా అన్నదాన్ని బట్టి ఇది తేలాలి.

భార్యాభర్తలూ పిల్లలూ అంతా వచ్చేసి, పిల్లలు ఇక్కడ బడిలో చేరి, కనీసం రెండేళ్లు ఉంటామనుకుంటే మార్చడమే మేలు. అడ్రసు మారినంత మాత్రాన రేషన్ కార్డు రద్దు కాదు. కానీ సొంత రాష్ట్రం నివాసం చూసి డబ్బులిచ్చే పథకాలు ఉంటాయి. ఒడిశాలో సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతల్లో వేస్తున్నారు. ఊళ్లో పింఛను, ఇంటి స్థలం దరఖాస్తు నడుస్తుంటే వాటికీ ఆ ఊరి చిరునామానే ఆధారం. ఇక్కడి బస్సు కోసం అక్కడ ఏడాదికి వచ్చేది పోగొట్టుకుంటే నష్టమే. ప్రతి ఇంట్లో కాగితం మీద రెండు వరసలు గీసి లెక్క వేయించండి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి. ఇటుక బట్టీకో, ఒక సీజన్ కట్టుబడికో వచ్చినవాళ్లకైతే అసలు మార్పించొద్దు.

మార్చాలనుకుంటే చిరునామా రుజువు దగ్గరే ఆగిపోతారు. లైను ఇళ్ల ఓనర్లు అద్దె కాగితం రాయరు. కుటుంబంలో ఒకరికి మాత్రం రుజువు దొరికినా చాలు. ముందు ఆయన అడ్రసు మార్చి, తర్వాత మిగతావాళ్లవి ‘ఇంటి పెద్ద ద్వారా’ అన్న పద్ధతిలో ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఇంటి పెద్ద తన ఫోన్‌కి వచ్చే అభ్యర్థనని 30 రోజుల్లోగా ఒప్పుకోవాలి. లేదంటే రద్దయిపోతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. 2025 అక్టోబరు నుంచి చిరునామా లాంటి మార్పుకి 75, వేలిముద్రలు ఫొటో మార్పుకి 125 రూపాయలు. 5 నుంచి 7 ఏళ్లు, 15 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లల వేలిముద్రల నవీకరణ ఉచితం. దీనికి డబ్బులడిగే సెంటర్లో ఇవ్వొద్దు.

వీటన్నిటికీ ముందు ఆధార్‌కి ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరే ముడిపడి ఉందో లేదో చూడండి. ఇక్కడికి రాగానే కొత్త సిమ్ కొనేస్తారు, పాతది మూలన పడుతుంది. ఓటీపీ ఆ పాతదానికే పోతుంటుంది. ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల నమోదు), పీఎఫ్, బ్యాంకు అన్నీ అక్కడే ఆగిపోతాయి.

సింధియా జంక్షన్
ఒప్పుకున్నాను. కుటుంబం మొత్తం వచ్చినవాళ్లకే నా మాట వర్తిస్తుంది.

పలకా బలపం
బడి గురించి నేను చెప్తాను. మన దగ్గర బళ్లు జూన్ 12న తెరుస్తారు, ఒడిశా, బీహార్, జార్ఖండ్‌లలో చదువుల ఏడాది ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. కాబట్టి పిల్లలు ఎప్పుడూ మధ్యలోనే దిగుతారు. మధ్యలో అయినా చేర్చుకోవాల్సిందే. విద్యా హక్కు చట్టం 2009 సెక్షన్ 5 ప్రకారం టీసీ రాలేదని చేర్చుకోకుండా ఆపకూడదు, సెక్షన్ 14 ప్రకారం వయసు కాగితం లేదని కాదనకూడదు, సెక్షన్ 4 ప్రకారం మానేసిన పిల్లల్ని కూడా వయసుకి తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. పన్నెండేళ్ల అబ్బాయికి తెలుగు రాదని రెండో తరగతిలో వేస్తే నెల తిరక్కుండానే మానేస్తాడు.

చట్టం ఇలా ఉన్నా ప్రధానోపాధ్యాయులకు నిజంగా తలనొప్పి తెచ్చేది యూడైస్, అంటే దేశంలోని బళ్లూ పిల్లల వివరాలుండే పోర్టల్. ప్రతి పిల్లవాడికీ పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. పాత బడి వాళ్లు ఆ పేరుని తమ జాబితాలోంచి వదిలిపెడితేనే ఇక్కడి బడి లాక్కోగలదు. వదలకపోతే పిల్లవాడు తరగతిలో ఉంటాడు కానీ లెక్కలో ఉండడు, పుస్తకాలూ యూనిఫాం ఆ లెక్క ప్రకారమే వస్తాయి. కాబట్టి టీసీ కోసం తిరిగే బదులు పాత బడి పేరు, ఊరు, బ్లాకు, హెడ్‌మాస్టరు ఫోన్ నంబరు రాయించుకుని మన హెడ్‌మాస్టారి చేత అక్కడికి ఫోన్ చేయించండి. హిందీ గానీ ఒడియా గానీ వచ్చిన వాలంటీరు పక్కనుంటే ఐదు నిమిషాల పని. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే ఇక్కడ రిజిస్టర్‌లో రాయించండి, తర్వాత అపార్ ఐడీ (చదువు రికార్డులన్నీ ఒకచోట ఉంచే నంబరు) తయారయ్యేటప్పుడు అక్షరం తేడా ఉన్నా ఆగుతుంది.

తెలుగు నేర్పడం గురించి వాలంటీర్లకు రెండు ముక్కలు. ముందు మాట, తర్వాత అక్షరం. బడిలో అవసరమయ్యే మాటలు (మంచినీళ్లు, అర్థం కాలేదు, నొప్పి, బయటికి వెళ్తాను, ఇంకోసారి చెప్పండి) మొదటి వారంలో రావాలి. అక్షరాల్లో ఒడియా పిల్లలకి ళ సులువే, వాళ్ల భాషలో ఉంది. హిందీ పిల్లలు ల అనే పలుకుతారు, మాట చివరి అచ్చుని మింగేస్తారు. ఇద్దరికీ కష్టం ఎ-ఏ, ఒ-ఓ తేడా, వాళ్ల లిపుల్లో ఆ జంటలు లేవు. అక్కడే ఎక్కువసేపు ఆగండి. మన ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయి. లెక్కల పుస్తకంతో మొదలుపెడితే బిడ్డకి తరగతిలో తనకీ ఏదో వచ్చునన్న ధైర్యం కలుగుతుంది, అది చాలా అవసరం.

ఆరేళ్ల లోపు పిల్లల్ని అంగన్‌వాడీలో చేర్చండి. తల్లి పేరు పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీల నమోదు యాప్) ఊళ్లో నమోదై ఉంటే ఇక్కడికి మార్చుకునే వీలుంది. ఊళ్లో కార్యకర్త ఫోన్ నంబరు తెచ్చుకుంటే చాలు.

పర్లాకిమిడి బాట
భాష సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్తాను. ‘ఒడిశా వాళ్లు’ అని ఒక్క గంపలో వేయకండి. పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి తెలుగు ఇంటి భాషే, మీకు దుబాసీలుగా వాళ్లే సరిగ్గా సరిపోతారు. కోరాపుట్, రాయగడ కొండల నుంచి వచ్చేవాళ్లు ఇంట్లో కువి, దేసియా మాట్లాడతారు, ఒడియా చదవడం రాని పెద్దవాళ్లు ఎక్కువ. జార్ఖండ్ వాళ్లలో సంతాలీ, ముండారీ, సాద్రీ. అందుకని ఒడియాలో కరపత్రం అచ్చేయించి పంచితే ఖర్చు దండగ. రెండు నిమిషాల వాయిస్ రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. అదే ఊరి యాసలో మాట్లాడే మనిషి చేత చెప్పిస్తే నమ్ముతారు, పదిమందికి పంపుతారు.

రైలు విషయం కూడా అందులో చెప్పండి. గాజువాక, కూర్మన్నపాలెం, పరవాడ వెళ్లాల్సినవాళ్లు వైజాగ్ స్టేషన్‌లో దిగితే మళ్లీ ఆటోకి తగలేసుకుంటారు. దువ్వాడలో దిగమనండి. కొన్ని రైళ్లు ఇంజన్ తిప్పే పని తప్పించుకోవడానికి వైజాగ్ రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి.

మీటరు రీడింగు
అద్దె గదుల్లో జరిగే పెద్ద దోపిడీ కరెంటు బిల్లు. ఎవరూ లెక్క వేసి చూపించరు కాబట్టి నేను చూపిస్తాను.

2022 నుంచి నడుస్తున్న ఇళ్ల శ్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకి 1.90, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఒక్కో గదికి నెలకి 60 యూనిట్లు కాలుతుందనుకుందాం. గదికి విడి మీటరుంటే 57 ప్లస్ 90, అంటే 147 రూపాయలు. పది గదులకి ఒకటే మీటరైతే 600 యూనిట్లు పడి బిల్లు 4,498 అవుతుంది, గదికి 450. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. అంటే ఓనరు ఒక్క పైసా మిగుల్చుకోకపోయినా అద్దెకున్నవాడు మూడింతలు కడుతున్నాడు. యూనిట్‌కి 10 అనో 12 అనో ఓనరు విడిగా వసూలు చేస్తే ఇంకా ఎక్కువ.

ఓనరుతో తగాదా పడితే గది పోతుంది. వంట గది, తలుపు విడిగా ఉన్న వాటాలకి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో వేర్వేరు సర్వీసులు తీసుకోవచ్చని, అప్పుడు బకాయి బాధ్యత కూడా విడిపోతుందని సంఘం పెద్దలే ఓనరుకి చెప్పాలి. విడి మీటరు ఉందా లేదా అన్నది గది చూసేటప్పుడే అడగాల్సిన మొదటి ప్రశ్న. అద్దె వంద ఎక్కువైనా విడి మీటరున్న గదే నయం.

గ్యాస్‌కి చిరునామా రుజువు అక్కర్లేదు. 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు ఒక్కటి చూపించి కొనుక్కోవచ్చు, ఇండేన్‌లో దాన్నే ఛోటూ అంటారు. వేరే ఊరెళ్తే తిరిగి ఇచ్చేయొచ్చు. కుటుంబంతో స్థిరపడేవాళ్లయితే ఉజ్వల గ్యాస్ కనెక్షన్ పథకం రెండో విడతలో వలస కుటుంబాలకి స్వీయ ప్రకటన చాలు, అడ్రసు రుజువు కోసం తిరగక్కర్లేదు. సందుల్లో పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాస్ నింపిచ్చే చోట్లకి మాత్రం పోనివ్వకండి. ఆ సిలిండర్లకి సరైన వాల్వు ఉండదు, గాలాడని గదిలో లీకైతే మొత్తం లైను ఇళ్లు అంటుకుంటాయి.

వంట కుదిరేదాకా అన్న క్యాంటీన్లు చూపించండి. పూటకి 5 రూపాయలు, ఆదివారం సెలవు.

హాజరు మస్తరు
జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) గురించి. చట్టాలు మారాయి, పాత కరపత్రాలు వాడొద్దు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఇప్పుడు భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిసింది. ఇదివరకు కాంట్రాక్టరు తీసుకొచ్చినవాళ్లనే వలస కార్మికులుగా లెక్కించేవారు. ఇప్పుడు తనంతట తాను వచ్చి పనిలో చేరినవాళ్లు కూడా, జీతం 18,000 దాటకపోతే, అందులోకి వస్తారు. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ వలస కార్మికులున్న చోట ఇది వర్తిస్తుంది. ఊరికి వెళ్లి రావడానికి యాజమాన్యం ప్రయాణ భత్యం ఇవ్వాలి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల 7లోగా పడాలి. పని మానేసినా తీసేసినా బాకీ రెండు పనిదినాల్లో తీర్చాలి. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు.

ఈఎస్‌ఐ 21,000 దాకా జీతమున్నవాళ్లకి. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమానిది 3.25. జీతం చీటీలో కోత కనబడుతుంది కానీ కట్టి ఉండకపోవచ్చు. అందుకే చేరిన పది రోజుల్లో ఐపీ నంబరు (ఈఎస్‌ఐ బీమా నంబరు) చేతికి రావాలని అడిగించండి. నంబరు లేకుండా కోత మాత్రమే ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. నమోదు చేసేటప్పుడు కుటుంబ సభ్యుల పేర్లూ ఎక్కించాలి, భార్యాపిల్లలు ఊళ్లోనే ఉంటే వాళ్లకి ఆ ఊరి దగ్గర డిస్పెన్సరీ విడిగా ఎంచుకోవచ్చు. ఇది దాదాపు ఎవరికీ తెలియదు. మన దగ్గర ఈఎస్‌ఐ ఆస్పత్రి మల్కాపురంలో ఉంది. జబ్బు సెలవు భత్యానికి కొన్ని నెలల చందా కావాలి గానీ, పనిలో గాయమైతే వచ్చే భత్యానికి అలాంటి షరతేమీ లేదు, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

పీఎఫ్‌లో ఒక్క మనిషికి నాలుగైదు యూఏఎన్‌లు (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబర్లు) ఉండిపోవడం ఇక్కడి రోగం. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్తది తీస్తారు. కొత్త చోట చేరేటప్పుడు పాత యూఏఎన్ నంబరు ఇచ్చి దాన్నే కొనసాగించమనాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ మూడు నెలలకోసారి చూసుకుంటే కట్టారో లేదో తెలుస్తుంది. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు కంపెనీదే బాధ్యత, ఫిర్యాదు ఆ పేరు మీద కూడా పెట్టాలి. పని ఏ కంపెనీ గేటు లోపల జరుగుతోందో కార్మికుడికి తెలిసుండాలి. చాలామందికి మేస్త్రీ పేరు తప్ప ఇంకేదీ తెలియదు. గేటు పాసు ఫొటో ఫోన్‌లో ఉంచుకోమని చెప్పండి. హాజరు రోజులు, ఇచ్చిన అడ్వాన్సు తేదీలు చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటే తర్వాత ఫిర్యాదులో అదే సాక్ష్యం.

పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ లేనివాళ్లకి ఈ-శ్రమ్, 16 నుంచి 59 ఏళ్ల వరకు. కట్టుబడి కూలీలకైతే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు, గడచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి. మేస్త్రీలు ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడతారు. సంఘం లెటర్‌హెడ్ మీద అడిగితే పెడతారు.

వడ్లపూడి వాకిలి
మస్తరు గారూ, ఇటుక బట్టీల వాళ్ల సంగతి? అనకాపల్లి వైపు ఉన్నవాళ్ల గురించి మా వాళ్లు అడుగుతున్నారు.

హాజరు మస్తరు
వాళ్ల తీరు వేరు. బలంగీర్, నువాపడ వైపు నుంచి నవంబరు, డిసెంబరుల్లో సర్దార్ (కూలీల్ని కుదిర్చే దళారీ) అడ్వాన్సు ఇచ్చి జంటల్ని పిల్లలతో సహా తెస్తాడు, జూన్‌లో తిరిగి వెళ్తారు. అడ్వాన్సు తీరేదాకా బయటికి పోనివ్వకపోయినా, ఆధార్ కార్డులు లాక్కుని పెట్టుకున్నా, వెయ్యి ఇటుకలకి ఇస్తామన్న రేటు ఇవ్వకపోయినా అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. మీరు నేరుగా బట్టీకి వెళ్లి వాదించొద్దు. మీరు అక్కడి నుంచి కదలగానే ఆ కోపం వాళ్ల మీద పడుతుంది. ఆర్డీఓకి గానీ కలెక్టరుకి గానీ రాతపూర్వకంగా ఇవ్వండి, కుటుంబాల సంఖ్య, పిల్లల సంఖ్య, బట్టీ ఉన్న చోటు స్పష్టంగా రాయండి. విడుదల చేసేటప్పుడు విడుదల పత్రం ప్రతి మనిషికీ విడిగా రావాలి. తక్షణ సాయం 30,000 రూపాయల దాకా ఉంది, పత్రం లేకుండా బస్సెక్కించి పంపేస్తే అది రాదు, పాత బాకీ రద్దయిందన్న రుజువూ ఉండదు. పిల్లలు పనిచేస్తూ కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

నర్సమ్మ తమ్ముడు
ఆరోగ్యం. గర్భిణి ఉన్న ఇంటికే మొదట వెళ్లండి. ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు ఉందా, ఎన్ని పరీక్షలయ్యాయి, కాన్పు ఎప్పుడు, ఎక్కడ అనుకుంటున్నారు అని అడగండి. ఆ వార్డు ఆశ, ఏఎన్ఎంల దగ్గర ఆమె పేరు రాయించండి. వాళ్ల జాబితాలో పేరు లేని మనిషి నొప్పులొచ్చాకే బయటపడుతుంది. కాన్పుకి వైజాగులోని ప్రభుత్వాస్పత్రులు ఘోషాస్పత్రి గానీ కేజీహెచ్ గానీ. 108 నంబరు ఆమె ఫోన్‌లోనే కాదు, పక్క గదివాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి, పగలు భర్త షిఫ్టులో ఉంటాడు. పుట్టిన బిడ్డ జనన నమోదు 21 రోజుల్లోగా ఉచితం. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో ఆస్పత్రిలో ఉండగానే చూడండి, ఊరెళ్లాక సవరణకి మళ్లీ ఇక్కడికే రావాలి. టీకాల వివరాలు యూ-విన్ పోర్టల్‌లో ఉంటే ఏ రాష్ట్రంలోనైనా కొనసాగించొచ్చు.

టీబీ మందులు వాడుతున్న మనిషి ఊరు మారినప్పుడే మందు ఆపేస్తాడు. ఆరు నెలల కోర్సు, నాలుగో నెలలో బాగానే ఉన్నాననిపిస్తుంది. నిక్షయ్ ఐడీ (టీబీ రోగి నమోదు నంబరు) ఉంటే చికిత్స ఇక్కడికి బదిలీ అవుతుంది, పోషణ కోసం నెలకి ఇచ్చే 1,000 రూపాయలూ ఆగవు. రెండు వారాలు దాటిన దగ్గుంటే దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో కఫం పరీక్ష చేయించండి. కొత్త కేసైతే అదే గదిలో పడుకునే మిగతావాళ్లకీ చేయించాలి, ఆరుగురు ఒక గదిలో ఉంటారు కదా.

కేంద్ర ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ కార్డు బీహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ వాళ్లది ఇక్కడి నమోదైన ఆస్పత్రుల్లో చెల్లుతుంది, ఒడిశా కూడా 2025లో చేరింది. ఆస్పత్రిలో చేరకముందే 14555కి ఫోన్ చేసి ఆస్పత్రి పేరు అడగాలి. చేర్చాక, డబ్బు కట్టాక కార్డు చూపిస్తే తిరిగి రాదు. బెంగాల్ స్వాస్థ్య సాథీ వేరే పథకం, దాన్నీ దీన్నీ కలపొద్దు.

కొండ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకి చలితో జ్వరమొస్తే మలేరియా రక్తపరీక్ష అదే రోజు చేయించండి, ఊళ్లో ఎక్కిన పరాన్నజీవి ఇక్కడికొచ్చాక బయటపడొచ్చు. లైను ఇళ్ల ముందు నీళ్ల డ్రమ్ములకి మూతలు, వారానికోసారి కడగడం. డెంగీ మాత్రం ఇక్కడే పుట్టి ఇక్కడే అంటుకుంటుంది.

సైరన్ మోత
పరవాడ, అచ్యుతాపురం పనివాళ్లకి ఇంకోటి చేర్చండి. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు లీకైంది, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడుకి 17 మంది పోయారు. ఇవి జరిగిన చోట కొత్త మనిషికి కనీసం ఏ సైరన్ ఏం చెబుతుందో తన భాషలో తెలియాలి. వాసన రాగానే గాలి వీచే దిక్కుకి అడ్డంగా పరుగెత్తాలి, గాలి వెంట కాదు. తడి గుడ్డ ముక్కుకి పెట్టుకోవాలి. రియాక్టర్, ట్యాంకు లోపలికి దిగమంటే అనుమతి పత్రం ఉందా, లోపలి ఆక్సిజన్ కొలిచారా, బయట మనిషి ఉన్నాడా అని అడిగాకే దిగాలి. లోపల ఒకడు పడిపోతే కాపాడాలని వెనకాలే దిగినవాడూ అదే గాలి పీల్చి పడిపోతాడు.

పోయినవాళ్ల విషయంలో చేయాల్సిన పని కూడా రాసిపెట్టుకోండి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, దూరం తీసుకెళ్తే శవానికి మందు ఎక్కించినట్టు ధ్రువపత్రం, ఇవన్నీ కుటుంబం చేతిలో పడ్డాకే బండి కదలాలి. మరణ నమోదు ఇక్కడే జరుగుతుంది, ఊళ్లో కాదు. పరిహారం మాటలు ఆస్పత్రి గుమ్మంలో తెల్లకాగితం మీద తేల్చేయమని ఒత్తిడి వస్తుంది. సంతకం పెట్టనివ్వకండి. ఈఎస్‌ఐ ఉంటే ఆశ్రితుల పింఛను వస్తుంది, లేకపోతే పరిహారం లేబర్ అధికారి ముందే తేలాలి.

కంచరపాలెం మెట్ట
విదేశాల నుంచి వచ్చినవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. వైజాగుకి ఇది కొత్త కాదు. 1960లలో బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్లకి ఆశ్రయమిచ్చిన ఊరు, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది.

ఇప్పటి సంగతి: 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. శరణార్థి అన్న హోదా చట్టంలో లేదు, 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న వలస, విదేశీయుల చట్టమే అందరికీ వర్తిస్తుంది. విదేశీయుడికి గది ఇస్తే ఓనరు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. వీసా గడువు దగ్గర పడుతుంటే గడువు లోపలే ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో (విదేశీయుల నమోదు పోర్టల్) దరఖాస్తు పెట్టించండి, దాటాక అయితే జరిమానా, ఇంకా పెద్ద చిక్కులు. ఐరాస శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉన్నా దాంతో రేషను, ఆధార్ రావు. బడికి మాత్రం అడ్డు లేదు, విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకీ అంటుంది, పౌరసత్వం అడగదు. ఇలాంటి కేసుల్లో దొంగ ఆధార్ తీసిస్తామనే ఏజెంట్లు తిరుగుతారు. దానివల్ల ఆ కుటుంబం జైలు పాలవుతుంది, దూరంగా ఉంచండి. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలుని అడగొచ్చు, నంబరు 15100.

డిపో పద్దు
వాలంటీర్లకి ఒక హెచ్చరిక. ఎవరి అసలు కాగితాలూ మీ దగ్గర పెట్టుకోవద్దు, రాత్రికి కూడా. ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో వేయొద్దు, మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ వాడండి. ఓటీపీ వాళ్లే చదివి వాళ్లే కొట్టాలి. ఫోన్ మీ చేతిలోకి తీసుకుని మీరే కొట్టేస్తే, రేపు ఇంకొకడు వచ్చి అలాగే అడిగినా ఇచ్చేస్తారు.

వడ్లపూడి వాకిలి
అందరికీ నమస్కారాలు. మొదటి ఆదివారం ఏ ఒక్క పని పెట్టుకోమంటారు? అన్నీ ఒకేసారి అడిగితే వాళ్లూ బెదురుతారు.

నర్సమ్మ తమ్ముడు
గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, మందులు వాడుతున్నవాళ్లు ఏ గదుల్లో ఉన్నారో రాసుకోండి. అది ఆగదు.

డిపో పద్దు
దాంతోపాటు ఆధార్‌కి ఏ ఫోన్ ముడిపడి ఉందో, రేషన్ కార్డు మీద ఏ అక్షరాలున్నాయో చూసుకోండి. మనిషికి ఐదు నిమిషాలు. నెల మొదటి ఆదివారం అయ్యేలా చూడండి, అప్పటికి డిపోలో నిల్వ ఉంటుంది, ఊళ్లో కోటా ఇంకా కొట్టించి ఉండరు. బడి పని సోమవారం పొద్దున్నే, హెడ్‌మాస్టారు ఉండగా. జీతాల సంగతి మీ మీద నమ్మకం కుదిరాక వాళ్లే ఎత్తుతారు, మీరు ముందు ఎత్తితే మేస్త్రీ చెవిన పడుతుంది.

పర్లాకిమిడి బాట
పగటి షిఫ్టువాళ్లు ఆదివారం పొద్దున బట్టలు ఉతుక్కుంటారు, సంతకి వెళ్తారు. సాయంత్రం 4 తర్వాత వెళ్లండి. దుబాసీ కావాలంటే పర్లాకిమిడి, బరంపురం వాళ్లున్న గదిని ముందు వెతుక్కోండి, వాళ్లతో మాట్లాడాకే మిగతా గదుల తలుపులు తట్టండి.